భయపడకు అనడానికి రెండు మాటలు

మేముండేది ఢిల్లీ పక్కన వైశాలిలో, ఎనిమిదో అంతస్తులో. మా పాప ఆరో తరగతికి వచ్చిన ఏడాది, జూన్ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, తనూ నేనూ కూరగాయల సంచులతో లిఫ్టులో ఇరుక్కుపోయాం. ఘాజియాబాద్ వైపు ఎండాకాలంలో కరెంటు పోవడం వింతేమీ కాదు. పోయిన అరనిమిషానికి జనరేటర్ అందుకుంటుంది, లిఫ్టు ఒకసారి ఉలిక్కిపడి మళ్లీ కదులుతుంది. ఆ రోజు జనరేటర్ అందుకోలేదు. ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య, చీకట్లో, ఇరవై నిమిషాల పైనే ఉండిపోయాం. చివరికి సెక్యూరిటీ భయ్యా పై అంతస్తు నుంచి తాళంచెవితో తలుపు తీసి ముందు పాపని, తర్వాత నన్ను, ఆఖరున సంచుల్ని పైకి లాగాడు.

ఇంటికి వచ్చాక మా ఆవిడతో నేను చెప్పింది ఇదీ: పాప బాగా భయపడింది, నేను పక్కనే ఉండి ధైర్యం చెప్పాను, ఇప్పుడంతా బాగానే ఉంది. పాప నావైపు ఒకసారి చూసి మంచినీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను చెప్పనిది కొంత ఉంది. అది నాకూ తెలుసు, తనకీ తెలుసు. ఇద్దరం నోరెత్తలేదు.

మర్నాడు కిందికి వెళ్దామంటే పాప లిఫ్టు తలుపు ముందు నిలబడి తల అడ్డంగా ఊపింది. మెట్లమీద వెళ్దామంది. మా పాపకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది, మధ్యలో నాన్నా, అమ్మా అనే రెండు మాటలు మాత్రం తెలుగువి. తను అన్న మాటలు చాలావరకు నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. సరేనని మెట్లమీద దిగాం, మెట్లమీదే ఎక్కాం. రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాం. సర్దుకోలేదు. జులైలో బడి తెరిచారు. వీపున బరువైన బ్యాగుతో ఎనిమిది అంతస్తులు ఎక్కిదిగుతూనే ఉంది.

మా అపార్ట్‌మెంట్ సొసైటీలో అందరికీ తెలిసిపోయింది. ఒక అంకుల్ బలవంతంగా లోపలికి తోసి బటన్ నొక్కేస్తే ఒక్క రోజులో భయం పోతుందన్నాడు. ఒక ఆంటీ ఏదో గుడి పేరు చెప్పింది. మా ఆవిడది హనమకొండ, నోయిడాలో ఒక కంపెనీలో పని చేస్తుంది, ఇలాంటి సలహాలకి విసుక్కునే మనిషి. పిల్లని వదిలేయండి, దానంతట అది ఎక్కుతుందని అందరికీ చెప్పేసింది. నేను మాత్రం పాపతోపాటు మెట్లెక్కేవాణ్ణి. పొద్దున బస్సు దాకా దింపడానికి, సాయంత్రం పార్కులో ఆటలయ్యాక తనతో పైకి రావడానికి. "ఎంత మంచి నాన్న" అని కింద పార్కులో కూర్చునేవాళ్లు అనుకునేవాళ్లు. ఆ మాట నా చెవిన పడేది. బాగానే ఉండేది.

మూడో అంతస్తులో ఒక తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. గుమ్మంలో కుర్చీ వేసుకుని, పాదాల దగ్గర చిన్న టేబుల్ ఫ్యాను పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చునేది. ఆ భవనంలో మేం నాలుగేళ్లుగా ఉంటున్నాం, ఆవిడ తొమ్మిదేళ్లుగా ఉంటోందట. లిఫ్టులో తిరిగినన్నాళ్లూ ఒకరికొకరం కనపడలేదు. ఒక సాయంత్రం నేను పాపతో ఇంకో ఐదంతస్తులే అంటుంటే విని, "మనవాళ్లేనా?" అని అచ్చంగా గుంటూరు యాసలో అడిగింది. "ఆగండి, కాసిని మంచినీళ్లు తాగి వెళ్దురుగాని. పిల్ల మొహం చూడు ఎట్టా కందిపోయిందో."

అలా పరిచయమైంది ఆంటీ. ఉత్తరాదిలో ఒక క్రైస్తవ కళాశాలలో ముప్పై ఏళ్లపాటు పాత గ్రీకు చెప్పి పదవీ విరమణ చేసింది. పెళ్లి చేసుకోలేదు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. టీ చాలా ఘోరంగా పెట్టేది. బాల్కనీలోకి వచ్చే పావురాలతో గుంటూరు తెలుగులో తగువు పడేది. మాటల్లో తప్పు దొర్లితే వెంటనే సరిదిద్దకుండా ఉండలేకపోయేది, అది ఏ భాషైనా సరే.

పాప బడి బస్సు రెండున్నరకి వస్తుంది. అంతకుముందు తాళంచెవి తనే పెట్టుకుని పైకి వచ్చి, మేం వచ్చేదాకా ఒక్కతే ఉండేది. ఇప్పుడు మూడో అంతస్తు దాకా ఎక్కి ఆంటీ ఇంట్లో ఆగిపోవడం మొదలుపెట్టింది. అక్కడే అన్నం తినేది, హోంవర్కు చేసుకునేది. నేను ఆరున్నరకి మెట్రో దిగి వచ్చి తనని తీసుకుని మిగతా ఐదంతస్తులూ ఎక్కేవాణ్ణి.

ఆంటీ బల్లమీద ఉన్న నోటుపుస్తకాల్లోని అక్షరాలు పాపకి నచ్చాయి. పెద్ద క్లాసుల లెక్కల్లో కనపడే పై, తీటా ఇక్కడ మాటల్లో ఉన్నాయని ఆశ్చర్యపోయింది. నెల తిరక్కుండా అక్షరాలన్నీ వచ్చేశాయి. తర్వాత క్రియలు. గ్రీకు నేర్చుకునేవాళ్లందరూ మొదట "విప్పు" అనే క్రియతో మొదలుపెడతారట, దాని రూపాలు తిన్నగా ఉంటాయని. నేను విప్పుతున్నాను, నువ్వు విప్పుతున్నావు. పాప వారం రోజులు విప్పి, ఇంక విసుగొచ్చి, వేరే క్రియ కావాలంది. ఏ క్రియ కావాలని ఆంటీ అడిగితే, డర్‌నా అంది. భయపడటం.

ఆ రాత్రి భోజనాల దగ్గర పాప మాకు కొత్త మాట వినిపించింది. "ఫొబూమై." అర్థం ఏమిటని అడిగితే, నేను భయపడుతున్నాను అని. అంత పెద్ద వాక్యం గ్రీకులో ఒక్క మాటే అని గొప్పగా చెప్పింది.

మా ఆవిడ నావైపు తిరిగింది. "పిల్లకు భయం పోవాలని మనం చూస్తుంటే, ఆమె ఇంకో భాషల గూడ భయపడుడు నేర్పిస్తున్నదా? నువ్వొకసారి పోయి మాట్లాడు."

మర్నాడు మాట్లాడదామనే వెళ్లాను. నొప్పించకుండా ఎలా చెప్పాలో మెట్లమీద సిద్ధం చేసుకున్నాను కూడా. నేను నోరు తెరిచేలోపు ఆంటీ ఆ ఘోరమైన టీ నా చేతిలో పెట్టి, పాప ఎంత మంచి క్రియ అడిగిందో తెలుసా అంది. ఇక నేను టీ తాగుతూ వినడమే అయింది.

చాలా పాత గ్రీకు కావ్యాల్లో ఈ మాటకి భయం అని అర్థం లేదట. పరుగు అని అర్థం. యుద్ధంలో ఒక పక్షం వెనుతిరిగి పారిపోవడాన్ని ఆ మాటతో చెప్పేవారట. "మొదట్లో దీనికి గుండెతో పనిలేదు బాబూ, కాళ్లతోనే పని" అంది ఆంటీ. తర్వాత్తర్వాత ఆ పరుగు కాళ్లలోంచి లోపలికి పోయి భయమైంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఈ క్రియకి రెండు వైపులున్నాయి. ఒక వైపున అది ఇతరుల్ని పరుగెత్తించడం, భయపెట్టడం. రెండో వైపున అదే క్రియ పరుగెత్తించబడటం, భయపడటం. భయపడేవాడికి ఎప్పుడూ ఆ రెండో వైపు రూపమే వాడాలి.

"మన తెలుగులోనూ అంతేగా" అంది. "భయపెట్టు, భయపడు. పెట్టేవాడు వేరు, పడేవాడు వేరు. చెప్పబడింది, చేయబడింది అంటామే, ఆ బడు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ పడులోంచే."

ఆ సాయంత్రం పాపతో మెట్లెక్కుతూ నాలో నేను తెలుగు మాటలు తిరగేసుకున్నాను. నలభై ఆరేళ్లుగా మాట్లాడుతున్న భాషని ఎన్నడూ అలా చూడలేదు. నాకు ఆకలి వేస్తోంది, చలి వేస్తోంది, భయం వేస్తోంది. మూడింటినీ ఒకేలా అంటాం. ఆకలి వేసినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు, చలి వేసినవాణ్ణి పిరికివాడని ఎవరూ అనరు. ఇన్నాళ్లూ పాపలో ఏదో లోపం ఉన్నట్టు, అది సరిచేయవలసిన పనైనట్టు నేనూ మా ఆవిడా గుసగుసలాడుకున్న మాటలు గుర్తొచ్చాయి. మా ఆవిడకి ఇదంతా చెప్పాను. తను సరే నేర్చుకోనీ అంది.

అప్పట్నుంచి నేనూ రోజూ ఓ పావుగంట ఆంటీ దగ్గర కూర్చోవడం అలవాటైంది. పాప బల్లకి ఒక వైపు, నేను ఒక వైపు. అక్షరాలు నాకు పాపే నేర్పింది. నేను తప్పు రాస్తే తనకి మహా సంతోషం.

నవంబరులో, బయట పొగమంచూ పొగా కలిసి ఊపిరాడని రోజుల్లో ఒక సాయంత్రం, ఆంటీ మాకు "భయపడకు" అనడం నేర్పింది. తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. గ్రీకులో రెండు విధాలుగా చెప్పవచ్చు. ఒకటి "మే ఫొబూ". అప్పటికే భయంలో ఉన్న మనిషితో, ఇంక చాలు, ఆ భయంలోంచి బయటికి రా అని చెప్పడం. రెండోది "మే ఫొబేథేస్". ఇంకా భయం కలగని మనిషితో, భయాన్ని దగ్గరికి రానివ్వకు అని చెప్పడం. అన్నిచోట్లా ఈ తేడా ఇంత కచ్చితంగా ఉంటుందని అనుకోవద్దంది ఆంటీ, వాక్యాన్ని బట్టి చూసుకోవాలంది. కానీ తేడా మాత్రం ఉంది.

తర్వాత ఊరికే, పాఠంలో భాగంగా, పాపని అడిగింది. "ఆ రోజు లిఫ్టులో మీ నాన్న నీకు భయపడకు అని చెప్పాడు కదా. అది ఇందులో ఏదవుతుంది తల్లీ?"

పాప పెన్సిలు కొన నోట్లో పెట్టుకుంది. చాలాసేపు ఆలోచించి రెండోదాన్ని చూపించింది. ఆంటీ కళ్లజోడు సర్దుకుని, మొదటిది కదా కావాల్సింది, నువ్వప్పటికే భయపడుతున్నావుగా అంది.

"నహీఁ" అంది పాప. "నాకు అప్పుడు డర్ లేదు. నాన్న చెప్పాక వచ్చింది."

నేను నవ్వేశాను. ఆలస్యమైంది, అమ్మ ఎదురుచూస్తుంటుంది అని లేచాను. ఆంటీ నా మొహంలోకి చూసింది. ఐదంతస్తులు ఎక్కుతున్నంతసేపూ పాప వాళ్ల బళ్లో జరగబోయే క్విజ్ గురించి చెబుతూనే ఉంది. ఒక్క మాటా నా బుర్రకెక్కలేదు.

రెండు రోజుల తర్వాత ఆంటీ నా ఆఫీసుకి ఫోన్ చేసింది. వీలైతే కాస్త తొందరగా రమ్మంది. పాప ఆ రోజు క్విజ్ ప్రాక్టీసుకని బళ్లోనే ఆగింది, ఐదింటికి గాని రాదు. నేను సెలవు పెట్టి నాలుగు గంటలకల్లా వెళ్లాను. ఆంటీ బల్లమీద పాప నోటుపుస్తకం తెరిచి ఉంది. ఫలానాదానికి నేను భయపడుతున్నాను అని పది సొంత వాక్యాలు రాసుకురమ్మని ఇంటిపని ఇచ్చిందట. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ తెలుగులో చెప్పింది. కుక్కకి భయపడుతున్నాను. గురువుకి భయపడుతున్నాను. ఉరుముకి, పాముకి, సముద్రానికి భయపడుతున్నాను. తొమ్మిది ఉన్నాయి. లిఫ్టు ఎక్కడా లేదు. పాత గ్రీకులో లిఫ్టుకి మాట లేదు కదా అన్నాను నేను. కావాలంటే ఎక్కే పెట్టె అని రాయవచ్చు, ఎలా రాయాలో మొన్ననే తనకి చెప్పాను అంది ఆంటీ. అయినా రాయలేదు.

పదో వాక్యం పొడుగ్గా ఉంది. "ఫొబూమై మే హొ పతేర్ అపొథనే."

"చచ్చిపోవడానికి గ్రీకులో ఏమంటారని మొన్న నన్నడిగింది. కథ కోసమేమో అనుకుని రూపంతో సహా చెప్పాను" అంది ఆంటీ. వాక్యం మీద వేలు ఉంచి విడదీసి చెప్పింది. ఫొబూమై, నేను భయపడుతున్నాను. హొ పతేర్, నాన్న. మన పితృ శబ్దానికి చుట్టమే. అపొథనే, చనిపోవడం. నాన్న చచ్చిపోతాడేమోనని నాకు భయంగా ఉంది.

మధ్యలో ఉన్న మే ఏమిటని అడిగాను.

"అదే దీన్లో అసలైంది" అంది. "మనం ఏమోనని అంటాం. జరుగుతుందేమో, పోతాడేమో. అనుమానం పెడతాం. గ్రీకువాళ్లు అక్కడ వద్దు అనే మాట పెడతారు. మొదట్లో ఇవి రెండు వాక్యాలై ఉంటాయంటారు. నాకు భయంగా ఉంది. నాన్న చచ్చిపోకూడదు. రానురాను రెండూ అతుక్కుపోయాయి. అందుకని గ్రీకులో దేనికైనా భయపడుతున్నానని చెప్పావంటే, అది జరక్కూడదని అదే నోటితో వేడుకున్నట్టు."

అప్పుడు ఆవిడకి చెప్పేశాను, మా ఆవిడకి చెప్పనిదంతా. లిఫ్టు ఆగిన ఒక నిమిషానికే నాకు ఊపిరి అందలేదు. చెమటలు పట్టాయి. గోడలు దగ్గరికి వస్తున్నట్టనిపించింది. తలుపు మీద రెండు చేతులతో బాదాను, ఏవో కేకలు వేశాను. తర్వాత కాళ్లు ఆనక కింద కూలబడిపోయాను. మధ్యమధ్యలో పాపతో భయపడకు, భయపడకు అంటున్నాను, అరుస్తున్నట్టుగా. పాప మాత్రం నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కాగితం సంచిలోంచి కొత్తిమీర తీసేసి, ఆ సంచితో నాకు విసిరింది. పదకొండేళ్ల పిల్ల. ఇరవై నిమిషాలూ విసురుతూనే ఉంది. చీకట్లో ఆ కాగితం చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

అది ఆ రోజు కొత్తగా వచ్చిన భయం కాదు. పెళ్లికి ముందు నుంచీ ఉంది. మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది, పదహారేళ్లుగా మెట్లమీదే ఎక్కుతున్నాను. ఆరోగ్యం కోసమని చెప్పుకున్నాను. మా సెక్షన్‌లో నాకు ఫిట్‌నెస్ సార్ అని పేరు. ఇంటి దగ్గర లిఫ్టు ఎక్కక తప్పేది కాదు, మా ఆవిడ పక్కన ఉంటుంది కనుక. ఎక్కిన ప్రతిసారీ అంకెలు మారేదాకా ఊపిరి బిగబట్టుకునేవాణ్ణి. ఒకరకంగా చెప్పాలంటే పాప లిఫ్టు మానేసిన ఆ ఐదు నెలలూ నా జీవితంలో హాయిగా గడిచిన రోజులు. అది చెప్పడానికే నాకు అన్నిటికంటే సిగ్గేసింది.

ఆంటీ నా టీ చల్లారిపోయిందని చూసి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లి, మళ్లీ వేడిచేసి తెచ్చింది. కూర్చున్నాక, "ఇంట్లో చెప్పు బాబూ. ముందు పిల్లకి చెప్పు" అంది.

ఐదింటికి పాప వచ్చింది. ఆంటీకి బై చెప్పి ఇద్దరం బయల్దేరాం. ఐదో అంతస్తు దాటాక మలుపు దగ్గర ఒక మెట్టు మీద కూర్చున్నాను. పాప నా పక్కన కూర్చుంది.

"నాన్నకి లిఫ్టంటే భయం" అన్నాను. కూతురికి చెబుతున్నప్పుడు నేను అనలేక, వేరే మనిషి గురించి చెబుతున్నట్టు నాన్న అన్నాను.

"పతా హై" అంది. నాకు తెలుసు.

"నీకు భయం లేదా?"

"లేదు."

"మరి ఎందుకు ఎక్కట్లేదురా?"

బ్యాగు జిప్పు పైకీ కిందికీ లాగుతూ కూర్చుంది. "నేను ఎక్కితే నువ్వు భీ ఎక్కాలి కదా" అంది. ఆ వాక్యం మాత్రం, ఒక్క భీ తప్ప, తెలుగులో చెప్పింది, నాకు బాగా గుర్తు. అమ్మతో చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు అని హిందీలో కలిపింది.

ఐదు నెలలు. రోజూ ఆ బరువు మోసుకుంటూ, సొసైటీ అంతా భయస్థురాలని అనుకుంటుంటే పడుతూ, నా కోసం మెట్లెక్కింది. నేను మంచి నాన్ననని పేరు తెచ్చుకున్నది అందులోంచే. తనని దగ్గరికి తీసుకున్నాను. పైనుంచి చెత్తబుట్టతో దిగుతున్న ఒక దీదీ మమ్మల్ని చూసి ఏమైందని అడిగింది. ఏం లేదు, అలిసిపోయామంతే అంది పాప.

ఆ సాయంత్రమే మా ఆవిడకి చెప్పాను. తను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. ఒక చెప్పు విప్పి, రెండోది అలాగే ఉంచుకుని, సోఫా అంచున కూర్చుని మొత్తం వింది. కోప్పడుతుందనుకున్నాను. కోపం వచ్చింది కూడా, కాని నేననుకున్నదానికి కాదు.

"పదహారేండ్ల సంది నాకు చెప్పలే నువ్వు" అంది. "ఊపిరి బిగబట్టుకొని నా పక్కన నిలబడుతుంటివా? నేనేమో నువ్వు ఆఫీసు ఆలోచనల ఉన్నవనుకుంటి."

తర్వాత పాపని పిలిచి, ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుంది. ఇక నుంచి ఇంట్లో ఎవరికి భయం వేసినా చెప్పాలంది. తనకి బల్లులంటే భయమని, నోయిడాలో మేనేజరు పిలిచినా భయమేనని, ముందు తనే చెప్పింది. పాప వరసగా తన తొమ్మిదీ చెప్పింది. సముద్రం దగ్గర మా ఆవిడ ఆపి, సముద్రం ఎప్పుడు చూసినవే అని అడిగింది. చూడలేదట. మాటలు తక్కువపడి రాసిందట.

పాప మర్నాడే లిఫ్టెక్కింది. ఏ ఆర్భాటమూ లేదు, బటన్ నొక్కి వెళ్లిపోయింది. సొసైటీ అంకుల్ తన సలహా పనిచేసిందనుకున్నాడు, అనుకోనిచ్చాం. నేను వైద్యుణ్ణి కలిశాను. మా ఆవిడే వెతికి, సమయం తీసుకుని, మొదటిసారి వెంట వచ్చింది. ఆయన చెప్పినట్టు తలుపు తెరిచి ఉంచిన లిఫ్టులో ఊరికే నిలబడటంతో మొదలుపెట్టాను. తర్వాత ఒక అంతస్తు. ఆదివారాలు పొద్దున్నే, ఎవరూ లేని వేళ, మా ఆవిడ లోపల, పాప పై అంతస్తు తలుపు దగ్గర. ఒక్కోసారి బాగానే ఉండేది. ఒక్కోసారి మధ్యలోనే దిగి మెట్లమీద వచ్చేసేవాణ్ణి. ఏ రోజైనా పాప ఒకేలా నవ్వేది.

ఫిబ్రవరిలో ఆంటీ ఒక సాయంత్రం పాఠం మధ్యలో పుస్తకం మూసేసి, నాకూ ఒకటుంది చెప్పడానికి అంది. మోకాళ్లకి ఆపరేషన్ చేయించుకోమని నాలుగేళ్లుగా డాక్టర్లు అంటున్నారు. తర్వాత చూసుకునేవాళ్లు లేరని అందరికీ చెబుతూ వచ్చింది. అసలు కారణం అది కాదు. మత్తుమందు. నిద్రపుచ్చితే మళ్లీ లేవనేమో అని. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, ముప్పై ఏళ్లు ఆ క్రియని పిల్లలకి వల్లెవేయించిన మనిషి, ఎవరికీ ఆ మాట చెప్పుకోలేదు. పాప లేచి వెళ్లి ఆవిడ కుర్చీ చేయి మీద కూర్చుంది. చూసుకోవడానికి మేమున్నాం కదా అని మా ఆవిడ ఆ రాత్రే కిందికి వెళ్లి చెప్పి వచ్చింది.

మార్చిలో ఘాజియాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ రోజు పొద్దున మా ఆవిడ కింద కౌంటరులో కాగితాల మీద సంతకాలు పెడుతోంది. ఇంతలోనే వార్డు మనుషులు స్ట్రెచర్ తీసుకుని వచ్చేశారు. ఆపరేషన్ థియేటర్ ఐదో అంతస్తులో. వెంట ఒకరే రావాలన్నారు. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. అంత పెద్ద లిఫ్టు, అంత నెమ్మదిగా.

ఆకుపచ్చ బట్టల్లో, కళ్లజోడు లేకుండా, ఆంటీ చాలా చిన్నగా కనపడింది. "నువ్వు మెట్లమీద రా బాబూ. నేను పైన ఉంటాలే" అంది. ఆ మాట అంటూనే నా మణికట్టు పట్టుకుని ఉంది. వదల్లేదు.

నేను లోపలికి వెళ్లాను. తలుపులు మూసుకున్నాయి. మెడ వెనక చెమట మొదలైంది. డాక్టరు చెప్పినట్టు పాదాలు నేలకి ఆనించి నిలబడటానికి ప్రయత్నించాను. భయపడకు అని ఇద్దరిలో ఎవరం అనలేదు.

"వర్తమానకాలం రూపాలు చెప్పు" అంది.

"ఫొబూమై" అన్నాను. నేను భయపడుతున్నాను. "ఫొబే." నువ్వు భయపడుతున్నావు. "ఫొబేతై." అతను భయపడుతున్నాడు. స్ట్రెచర్ పట్టుకున్న వార్డు మనిషి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో మంత్రం అనుకుని ఉంటాడు, తల కాస్త వంచాడు.

"బహువచనం."

"ఫొబూమెథ. మేము భయపడుతున్నాం."

"మనం" అని సరిదిద్దింది. "గ్రీకులో మేముకీ మనానికీ ఒకటే రూపం. తెలుగులో రెండున్నాయి, చూసి వాడుకోవాలి. ఇక్కడ మనం."

"మనం భయపడుతున్నాం" అన్నాను.

తలుపులు తెరుచుకున్నాయి. ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లారు. నేను కారిడార్‌లో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. కాగితాల పని ముగించుకుని మా ఆవిడ పైకి వచ్చింది. నన్ను చూడగానే ఎట్ల వచ్చినవ్ అని అడిగింది. లిఫ్టులో అన్నాను. తను నా చేతిలో ఉన్న ఆంటీ కళ్లజోడు తీసుకుని తన చీరకొంగుతో తుడిచి సంచిలో పెట్టింది. నా పక్కన నిలబడింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తులోంచి లేచాక ఆంటీ మొదట అడిగింది టీ. వారం తర్వాత ఇంటికి తెచ్చాం. నెల్లాళ్లు మా ఆవిడా నేనూ వంతులవారీగా అన్నం తీసుకెళ్లాం. రెండో మోకాలికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, ఆలోచిస్తానంటోంది. మేం బలవంతపెట్టట్లేదు.

పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. గ్రీకు చాలావరకు మరిచిపోయింది, ఎప్పుడైనా మూడ్ వస్తే తప్ప ఆ పుస్తకం తీయదు. సాయంత్రాలు ఆరు దాటాక వాకర్ పట్టుకుని ఆంటీ కింద పార్కు చుట్టూ రెండు రౌండ్లు నడుస్తుంది, పాప పక్కన నడుస్తుంది. ఆంటీ తెలుగులో ఏదో చెబుతూ ఉంటుంది, పాప హిందీలో జవాబిస్తూ ఉంటుంది. నేను మెట్రో దిగి గేటు లోపలికి వచ్చేసరికి ఒక్కోసారి ఇద్దరూ బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ కనపడతారు. నాకూ ఒక గుప్పెడు పెడతారు.